గోదావరి సీమలో అతిథి మర్యాద – ఒక ముసాఫిర్ నేర్చుకున్న పాఠం

అరబీ భాషలో ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. తెర తొలగించడం, దాగి ఉన్నదానిని వెలికి తీయడం అనే అర్థం ఆ ధాతువులోనే ఉన్నది. ప్రయాణం మనుషుల అసలు స్వభావాలను వెలికి తీస్తుంది కనుకనే దానికి ఆ పేరు వచ్చిందని మన పండితులు వివరించారు. ఒక వ్యక్తి మంచివాడని సాక్ష్యం పలకడానికి వచ్చినవానిని హజ్రత్ ఉమర్ (రజి) మూడు విషయాలు అడిగారని ఉల్లేఖనాలలో ఉన్నది: అతని పొరుగున నివసించావా, అతనితో డబ్బు లావాదేవీ జరిపావా, అతనితో కలిసి ప్రయాణం చేశావా అని. మూడింటిలో ఏదీ లేదని చెప్పగా, అయితే నీవు అతనిని ఎరుగవని ఆయన తేల్చివేశారట.

గత డిసెంబరులో నేను గోదావరి సీమలో నాలుగు రోజులు ప్రయాణించాను. ఆ ప్రాంతపు ప్రజల మర్యాద గురించి చిన్ననాటి నుండి వింటున్నాను. విన్నదానికంటే చూసినది ఎక్కువే. అయితే ఆ ప్రయాణం వారి స్వభావంతో పాటు, నాలో ఇరవై ఏళ్ళకు పైగా దాగి ఉన్న ఒక లోపాన్ని కూడా వెలికి తీసింది. పిల్లలను పెంచే తల్లిదండ్రులకు, చదువు చెప్పే ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ రెండింటినీ ఇక్కడ రాస్తున్నాను.

పాత శిష్యుని పిలుపు

నేను కర్నూలు ప్రాంతంలోని ఒక మదరసాలో బోధకుడిని. కోనసీమకు చెందిన ఒక పాత శిష్యుడు ఒకనాడు ఫోను చేశాడు. తన కుమారుడు ఖుర్ఆన్ హిఫ్జ్ పూర్తి చేశాడని, ఆ సంతోషంలో ఇంట్లో దుఆ సమావేశం పెట్టుకున్నామని, నేను తప్పక రావాలని కోరాడు. ఆ శిష్యుడు మా వద్ద పట్టుమని రెండేళ్ళు కూడా చదవలేదు. బక్రీద్ సెలవులకు ఇంటికి వెళ్ళి, మళ్ళీ రాలేదు. తరువాత కువైట్‌లో కొన్నేళ్ళు డ్రైవరుగా పనిచేశాడని, ఇప్పుడు సొంత ఊరిలో కొబ్బరితోట కౌలుకు చేసుకుంటున్నాడని విన్నాను. చదువు మధ్యలో వదిలివేసిన విద్యార్థి ఇన్నేళ్ళ తరువాత ఉస్తాదును గుర్తుపెట్టుకుని పిలవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఇన్షా అల్లాహ్ వస్తానని మాట ఇచ్చాను.

ఆతిథ్యం రైలులోనే మొదలైంది

విజయవాడ దాటి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు వెళుతున్నది. రెండు వైపులా సార్వా కోతలు పూర్తయిన చేలు. రోడ్ల అంచున ధాన్యం ఆరబోసి ఉన్నది. తాడేపల్లిగూడెంలో ఒక వృద్ధ దంపతులు ఎక్కి నా ఎదుట కూర్చున్నారు. ఆ పెద్దాయన నా గడ్డం, టోపీ చూసి చూపు తిప్పుకోలేదు. కాస్త స్థిమితపడగానే, “ఎక్కడిదాకా అండి?” అన్నారు. రాజమండ్రి అన్నాను. “ఎవరింటికండి?” అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు కొత్తగా తోచింది. మా వైపు కొత్తవారిని ‘ఎవరు మీరు, ఏ ఊరు’ అని అడుగుతారు. ఆయన నేనెవరినో అడగలేదు. ఎవరి ఇంటికి అతిథినో అడిగారు. ఊరికి వచ్చిన మనిషి ఎవరో ఒకరి ఇంటికే వస్తాడన్నది ఆయన లెక్క.

కాసేపటికి ఆయన భార్య సంచిలో నుండి తేగలు తీసి, పేపరు మీద పెట్టి నా వైపు జరిపింది. “కాల్చిన తేగలండి. ఇందులో ఏవీ కలపలేదండి, మీరు తినొచ్చండి” అన్నది. ఏది తినవచ్చునో ఏది తినకూడదో అని నేను సంకోచిస్తానని ఆమె ముందే ఆలోచించింది. నేను నోరు తెరిచి అడగవలసిన అవసరం రాకుండానే నా సంకోచాన్ని తొలగించింది. అతిథికి పెట్టడం ఒక మంచి గుణం. అతిథి మనసులోని ఇబ్బందిని గ్రహించి పెట్టడం అంతకంటే గొప్ప గుణం.

కొవ్వూరు దాటగానే గోదావరి వచ్చింది. నాసిక్ సమీపంలోని త్ర్యంబకం వద్ద పుట్టి, 1465 కిలోమీటర్లు నడిచి సముద్రాన్ని చేరే నది ఇది. ఇక్కడ మొదటి రైలు వంతెన 1900లో మొదలై, దాదాపు నూరేళ్ళు సేవ చేసి 1997లో విశ్రాంతి తీసుకున్నది. రైలు, రోడ్డు కలిసి ఉన్న రెండవ వంతెన 1974 నాటిది. విల్లుల వరుస వంటి మూడవ వంతెన 1997లో వచ్చింది. ఒకే నది మీద మూడు తరాల వంతెనలు పక్కపక్కన కనిపిస్తాయి. పెద్దాయన కిటికీ వద్ద నుండి లేచి, “మీరు ఇటు కూర్చోండి, గోదారి బాగా కనపడుద్దండి” అని తన చోటు నాకు ఇచ్చారు. ఆయనకు అది రోజూ కనిపించే నదే. కానీ తాను ఇష్టపడే వస్తువును అతిథి కూడా చూడాలన్న ఆత్రం ఆయన ముఖంలో ఉన్నది.

ఏడు వందల ఏళ్ళ మసీదు

రాజమండ్రికి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరమన్న పాత పేరు తిరిగి వచ్చింది. నన్నయ మహాభారత రచనకు శ్రీకారం చుట్టిన నగరమని తెలుగువారందరికీ తెలుసు. ఆంధ్రదేశంలోని అతి పురాతన మసీదులలో ఒకటి ఇక్కడ ఉన్నదన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. అక్కడి పారశీక శాసనం హిజ్రీ 724, అంటే క్రీ.శ. 1324 నాటిది. ఢిల్లీ సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ పాలనలో, ఆయన కుమారుడు ఉలుగ్ ఖాన్ దండయాత్ర కాలంలో, సాలార్ ఉల్వీ అనే అధికారి దీనిని కట్టించాడు. ఆ ఉలుగ్ ఖానే మరుసటి ఏడాది ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు.

అదే 1325లో, దూరాన మొరాకోలోని తంజీర్ పట్టణం నుండి ఇబ్నె బతూతా అనే ఇరవై ఒక్కేళ్ళ యువకుడు హజ్ యాత్రకు ఒంటరిగా బయలుదేరాడు. తరువాత ఆయన సగం ప్రపంచం తిరిగి, ఢిల్లీలో ఈ సుల్తాను కొలువులోనే ఖాజీగా పనిచేశాడు. అపరిచితుల ఆతిథ్యమే లేకపోతే ఆయన ప్రయాణం తంజీర్ పొలిమేర దాటేది కాదు. ప్రయాణికునికి కూడు, నీడ చూపడం ధర్మమని నమ్మిన మనుషులు ఊరూరా ఉండబట్టి అది సాధ్యమైంది.

అక్కడ జుహ్ర్ నమాజ్ చేసి కూర్చున్నాను. ఆ శాసనం నాటిది యుద్ధాల కాలం. కత్తి పట్టి వచ్చిన సైన్యాలు ఏవీ ఇక్కడ నిలవలేదు. ఏడు వందల ఏళ్ళ తరువాత ఇక్కడ నిలిచి ఉన్నది సజ్దా చేసే సామాన్యులు, వారికి పొరుగున బ్రతికే సామాన్యులు. నేను ఆ ఆలోచనలో ఉండగా పక్కన కూర్చున్న ఒక ముసలాయన నన్ను చూసి సలాం చేసి, “ముసాఫిరా అండి? టీ తాగుదురు గాని రండి” అన్నారు. అరబీ మాటకు తెలుగు ‘అండి’ చేరిన ఆ పలకరింపు నా చెవికి ఎంతో ఇంపుగా వినిపించింది.

నీరు ఉన్నంత మాత్రాన మర్యాద వస్తుందా?

మరునాడు ఉదయం శిష్యుడు తన కారుతో వచ్చాడు. వయసు నలభై దాటింది. గడ్డంలో నెరుపు కనిపిస్తున్నది. నా సంచి నా చేతి నుండి తీసుకుని, నేను కూర్చున్న తరువాతనే తాను కూర్చున్నాడు. ధవళేశ్వరం మీదుగా వెళ్దామన్నాడు.

ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకు ముందు ఈ డెల్టా కరవులకు, వరదలకు, తుఫానులకు నిలయం. ఆనకట్ట తరువాత తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా ఇప్పుడు సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన నేటి బ్యారేజీకి కూడా కాటన్ పేరే పెట్టారు. పరాయి దేశపు ఇంజినీరు అయినా, ఆయన విగ్రహాలు ఇక్కడి ఊళ్ళ కూడళ్ళలో కనిపిస్తాయి. ‘కాటన్ దొర గారు’ అనే అంటారు తప్ప ఉత్త పేరుతో ఎవరూ పిలవరు. మేలు చేసినవానికి కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞత చూపనివాడేనన్న ప్రవక్త (స) బోధ నాకు జ్ఞాపకం వచ్చింది.

బ్యారేజీ దాటి ఆత్రేయపురం మీదుగా వెళ్ళాము. బోర్లించిన కుండ మీద పలుచని బియ్యపు పిండి జారును గుడ్డతో లాగి, కాగితం వంటి రేకు తీసే పూతరేకుల ఊరు ఇది. అక్కడ పనంతా ఆడవారిదే. తరువాత రావులపాలెం అరటి గెలల సంత, ఆపైన కొత్తపేట. ఎటు చూసినా కాలువ, కాలువ గట్టున కొబ్బరి, కొబ్బరి నీడలో ఇల్లు.

“ఇంత నీరు, ఇంత పంట ఉన్నచోట మనుషులు ఉదారంగా ఉండడంలో వింత ఏమున్నది?” అని నేను అన్నాను. కరవు సీమ నుండి వచ్చినవాని అసూయ కూడా ఆ మాటలో కొంత ఉన్నది. శిష్యుడు నవ్వి ఊరుకున్నాడు. కానీ నా మాట నాకే సరిగా తోచలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని ఖలమ్ సూరాలో తోట యజమానుల గాథ ఉన్నది. పంట విరగకాసిన తోట వారిది. పేదవాడు ఎవడూ లోపలికి రాకముందే, తెల్లవారకుండానే కాయలు కోసుకుందామని వారు గుసగుసలాడుకుంటూ బయలుదేరారు. వెళ్ళేసరికి తోట మాడి మసైపోయి ఉన్నది. సమృద్ధి ఉన్నంత మాత్రాన చేయి తెరుచుకోదని ఆ గాథ చెబుతున్నది. ఉన్నకొద్దీ పిడికిలి బిగించేవారే ఎక్కువ. కనుక గోదావరి మర్యాదకు కారణం నీటిలో కాదు, మరెక్కడో వెతకాలి.

డొక్కా సీతమ్మ గారి వాకిలి

ఆ కారణంలో కొంత భాగం పి.గన్నవరం వద్ద నాకు దొరికింది. అక్కడ వైనతేయ పాయ మీద కాలువను దాటించే పాత ఆక్విడక్టు ఉన్నది. నది మీద వంతెన, వంతెన మీద మరొక ఏరు నడుస్తున్నట్టు ఉంటుంది. దాని పక్కన తరువాత కట్టిన కొత్త ఆక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

ఆమె 1841లో జన్మించి 1909లో మరణించారు. లంకల గన్నవరంలో డొక్కా జోగన్న గారి ఇల్లాలు. పడవల మీద, కాలినడకన ఏళ్ళు దాటి వచ్చే బాటసారులకు ఏ వేళలోనైనా వండి వడ్డించడమే ఆమె జీవితకాలపు పని. కులం, మతం అడగలేదు. వేళ తప్పి వచ్చావేమని అడగలేదు. ఆమె గురించి ఈ సీమలో అందరూ చెప్పుకునే సంఘటన ఒకటి ఉన్నది. ఎన్నో ఏళ్ళుగా అంతర్వేది యాత్రకు వెళ్ళాలనుకుని, ఒకసారి ఎట్టకేలకు పల్లకిలో బయలుదేరారట. దారిలో ఒక బృందం ఆకలితో ఏడుస్తున్న తమ పిల్లలను ఓదారుస్తూ, కొంచెం ఓర్చుకోండి, సీతమ్మ గారి ఇంటికి చేరుకుంటాం అనడం ఆమె చెవిన పడింది. వెంటనే యాత్ర మానుకుని, పల్లకి వెనక్కి తిప్పించి, వారికంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట. ఆమె కీర్తి ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు వరకు వెళ్ళింది. ఇటీవల 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులలో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

మన విశ్వాసం వేరు, ఆమె విశ్వాసం వేరు. కానీ ఆకలి గొన్నవాని ముందు తన కోరికను వెనక్కి నెట్టిన మనిషిని గౌరవించడానికి మనకు సంకోచం అక్కరలేదు. హాతిమ్ తాయీ ఇస్లాంకు ముందటివాడు. అతని కుమార్తె బందీగా వచ్చినప్పుడు, ఆమె తండ్రి దాతృత్వాన్ని మన్నించి ప్రవక్త (స) ఆమెను గౌరవంగా విడిచిపెట్టారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. సీతమ్మ గారి కథ వినగానే నాకు మదీనాలోని ఆ అన్సారీ దంపతులు గుర్తుకు వచ్చారు. ఇంట్లో పిల్లలకు సరిపడేంత అన్నం మాత్రమే ఉన్న రాత్రి, పిల్లలను నిద్రపుచ్చి, దీపం ఆర్పి, తామూ తింటున్నట్టు నటించి అతిథి కడుపు నింపినవారు వారు. అల్లాహ్ వారి పనిని మెచ్చుకున్నాడు.

ఒక సీమకు మర్యాద ఇలా వస్తుంది. ఎవరో ఒకరు జీవితాంతం వాకిలి తెరిచి ఉంచుతారు. ఆ కథను తల్లులు పిల్లలకు చెబుతారు. వందేళ్ళ తరువాత ఆ కథ ఊరి అలవాటుగా మారుతుంది.

‘భోంచేద్దురు గాని’

శిష్యుని ఊరు రాజోలు సమీపంలోని ఒక పల్లె. కారు ఆగగానే ఇరుగుపొరుగు వారు వచ్చి పలకరించారు. వారిలో ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు ఉన్నారు. ఒకరు కొబ్బరి బొండాం కొట్టి ఇచ్చారు. మరొకరు చక్కెరకేళి అరటిపళ్ళు తెచ్చారు. అస్ర్ వేళ అయిందని నేను అటూ ఇటూ చూస్తుండగా, పక్క తోట హిందూ రైతు ఒకరు నా చూపు గ్రహించి, మోటారు గట్టు మీద నీళ్ళు చల్లి కడిగి, “పడమర ఇటేనండి” అని చేయి చూపించారు. మసీదు రెండు వీధుల అవతలనే ఉన్నదని శిష్యుడు చెప్పేవరకు ఆయన అక్కడి నుండి కదలలేదు.

భోజనం వేళ ఇంటి పెద్ద వచ్చి అన్న మాట ఈ వ్యాసంలో తప్పక చెప్పాలి. “రండి, భోంచేద్దురు గాని” అన్నారాయన. ‘తినండి’ అన్నది ఆజ్ఞ. ‘తింటారా’ అన్నది అతిథిని మొహమాటంలో పడవేసే ప్రశ్న. ‘భోంచేద్దురు గాని’ అన్నది రెండూ కాదు. అందులో కోరిక ఉన్నది, ఒత్తిడి లేదు.

జారియాత్ సూరాలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) అతిథుల ప్రస్తావన ఉన్నది. అపరిచితులు వచ్చి సలాం చేయగా, ఆయన సలాంతో బదులిచ్చి, వారికి తెలియకుండా మెల్లగా ఇంట్లోకి వెళ్ళి, బలిసిన లేగదూడ మాంసం వండించి తెచ్చి, వారి ఎదుట పెట్టి, మీరు తినరా అని మృదువుగా అడిగారు. ఈ ఆయతుల నుండి వ్యాఖ్యాతలు ఆతిథ్యపు మర్యాదలన్నీ వివరించారు. తెమ్మంటారా అని అతిథిని అడగకుండా తేవాలి. ఆలస్యం చేయకుండా తేవాలి. ఉన్నదానిలో మంచిది తేవాలి. అతిథిని వడ్డన వద్దకు నడిపించకుండా, వడ్డనను అతిథి వద్దకు తేవాలి. ఆజ్ఞాపించకుండా ఆహ్వానించాలి. ముప్పై ఏళ్ళుగా నేను ఈ పాఠం చెబుతున్నాను. ఆ చివరి మాటలోని మెత్తదనాన్ని తెలుగులో ఎలా చెప్పాలో నాకు ఏనాడూ తట్టలేదు. ఆ పల్లెటూరి పెద్దాయన ఒక్క మాటలో చెప్పారు.

నేను నవ్విన మాట

ఇప్పుడు నా తప్పు చెప్పవలసిన చోటు వచ్చింది.

ఆ సాయంత్రం కొబ్బరి దింపు కార్మికుడు ఒకరు కూలి డబ్బుల కొరకు వాకిట్లోకి వచ్చారు. శిష్యుని చిన్న కూతురు, ఏడెనిమిదేళ్ళ పిల్ల, అరుగు మీద ఖాయిదా చదువుకుంటున్నది. ఆయన, “నాన్నగారున్నారా అమ్మా?” అని అడిగారు. ఆ పిల్ల వెంటనే లేచి నిలబడి, “ఆయ్, ఉన్నారండి. కూర్చోండి, పిలుత్తాను” అన్నది.

‘ఆయ్’ అన్న ఆ మాట వినగానే నా గుండెలో ఏదో కలుక్కుమన్నది. ఈ సీమలో అడుగడుగునా వినిపించే మాట అది. అవును అనడానికి, చిత్తం అనడానికి, మీ మాట విన్నాను అనడానికి అన్నింటికీ అదే. పెద్దవారి ఎదుట ఉత్త ‘ఊఁ’ అనడం అగౌరవమని తలచి వారు ‘ఆయ్’ అంటారు. రెండు రోజులుగా దానిని వింటూ ఆనందిస్తున్నాను. ఆ పిల్ల నోట విన్నప్పుడు మాత్రం ఇరవై ఏళ్ళ క్రితపు మా మదరసా తరగతి గది కళ్ళముందు నిలిచింది.

హాజరు పిలిచేటప్పుడు ఈ శిష్యుడు ‘ఆయ్’ అని పలికేవాడు. మా వైపు పిల్లలు పకపక నవ్వేవారు. వారిని మందలించవలసిన నేను వారితో కలిసి నవ్వాను. “ఇది మదరసా, కొబ్బరితోట కాదు. పెద్దలకు ‘జీ’ అని బదులివ్వాలి, అదబ్ నేర్చుకో” అన్నాను. అంతటితో ఆగలేదు. కొన్నాళ్ళపాటు అతనిని ‘ఆయ్ సాహెబ్’ అని పిలిచాను. తోటి పిల్లలకు అదే పేరు అయింది. అతడు క్రమంగా మాట్లాడడం మానేశాడు. తరువాత బక్రీద్ సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇంటి పరిస్థితులు బాగాలేవేమో అనుకున్నాను. నా మాట ఒక కారణం కావచ్చునన్న ఆలోచనే నాకు రాలేదు.

అదబ్ నేర్చుకోమని నేను ఎవరికి చెప్పాను? తన తల్లి నేర్పిన అత్యంత మర్యాదపూర్వకమైన మాటతో నాకు బదులిచ్చిన పిల్లవానికి! ఒకరినొకరు ఎగతాళి చేయరాదని, చెడ్డ పేర్లు పెట్టి పిలువరాదని హుజురాత్ సూరా 11వ ఆయత్ నిషేధించింది. మానవుల భాషలలోని, రంగులలోని వైవిధ్యం తన నిదర్శనాలలో ఒకటని రూమ్ సూరా 22వ ఆయత్‌లో అల్లాహ్ సెలవిచ్చాడు. ఒక సీమ పలుకును చూసి నవ్వడమంటే అల్లాహ్ నిదర్శనాన్ని చూసి నవ్వడమే. ఈ రెండు ఆయతులూ నాకు కంఠస్థం. వాటిని పాఠంగా చెప్పిన నాలుకతోనే ఆ పేరూ పెట్టాను.

ప్రవక్త (స) వద్ద పదేళ్ళు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి), ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ప్రవక్త తనను విసుక్కోలేదని చెప్పారు. నమాజ్ మధ్యలో తెలియక మాట్లాడిన ముఆవియా బిన్ హకమ్ (రజి), ప్రవక్త తనను కసరలేదని, కొట్టలేదని, తిట్టలేదని, అంతకంటే మంచి బోధకుని తాను చూడలేదని చెప్పుకున్నారు. మనం అదబ్ అంటే చిన్నవారు పెద్దవారికి ఇచ్చేదని మాత్రమే నేర్పుతున్నాము. పెద్దవారు చిన్నవారికి ఇవ్వవలసిన అదబ్ ఒకటి ఉన్నది. ఆ చిన్న పిల్ల కూలి మనిషి ఎదుట లేచి నిలబడి నాకు దానిని నేర్పింది.

అరుగు మీద ఆ రాత్రి

ఇషా తరువాత అరుగు మీద మేమిద్దరమే కూర్చున్నాము. విషయం ఎత్తడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి, “నిన్ను నేను ఒక పేరుతో పిలిచేవాడిని. గుర్తున్నదా?” అన్నాను.

అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆయ్... ఎప్పటి మాటండి హజ్రత్ అదీ” అన్నాడు.

“నన్ను క్షమించు” అన్నాను. అతడు కంగారుపడి నా చేతులు పట్టుకున్నాడు.

“బాధపడ్డ మాట నిజవేనండి. మీ దగ్గర అబద్ధం చెప్పకూడదు కదండీ. కానీ మావోడికి అలిఫ్, బే నేనే మొదలెట్టేనండి, మీ దగ్గర నేర్చుకున్నదాంతోనే. వాణ్ణి మదరసాలో చేర్చేటప్పుడు ఆ ఉస్తాదు గారిని ఒక్కటే అడిగేనండి. తప్పు చేత్తే దండించండి, వాడి మాటకి మాత్రం నవ్వొద్దండి అని.”

ఆ మాటకు నా వద్ద సమాధానం లేదు. అతడు నన్ను పిలిచినది నిందించడానికి కాదు. కుమారుని హిఫ్జ్ సంతోషంలో, తనకు మొదటి అక్షరాలు దిద్దించినవానికి కూడా వాటా ఇవ్వడానికి పిలిచాడు. చెడును మేలుతో తొలగించమని ఖుర్ఆన్ బోధిస్తుంది. అది ఎంత కష్టమైన పనో, ఎంత మెత్తగా చేయవచ్చునో నేను ఆ అరుగు మీద చూశాను.

మర్యాద సరిపోని చోటు

ఒక సీమను మెచ్చుకునేటప్పుడు న్యాయం తప్పకూడదు. కూలి తీసుకున్న ఆ దింపు కార్మికునితో మాట్లాడుతూ, మీ సీమలో అందరూ ‘అండి’ అనడం నాకెంతో నచ్చిందని అన్నాను. ఆయన చిన్నగా నవ్వి, “మేం అందరినీ అంటామండి. మమ్మల్ని అందరూ అనరండి” అన్నారు. మెత్తని మాటల సీమలోనూ ఆ మెత్తదనం అందరికీ సమానంగా అందదు. 2022 మే నెలలో, జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరును చేర్చే విషయమై అమలాపురంలో జరిగిన హింసను, ప్రజాప్రతినిధుల ఇళ్ళు తగలబడడాన్ని మనమందరం చూశాము.

కష్టం వచ్చినప్పుడు మాత్రం ఈ గోడలు కొంత కూలుతాయని శిష్యుని తండ్రి చెప్పారు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను వేయి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో కూలాయి. ఆ రాత్రి పై కప్పు నిలిచిన ఇల్లు ఎవరిదైతే వారి ఇంట్లోకి అందరూ చేరారని, ఒకే గిన్నెలోని గంజి అందరూ తాగారని ఆయన గుర్తుచేసుకున్నారు. తుఫాను నాడు సాధ్యమైనది మామూలు నాడు ఎందుకు సాధ్యం కాకూడదు? ఇస్లాం సలాంను తెలిసినవారికి, తెలియనివారికి ఇద్దరికీ చేయమన్నది ఇందుకే. మర్యాద మనిషిని బట్టి మారితే అది లౌక్యం అవుతుంది. అందరికీ ఒకటిగా అందినప్పుడే అది ధర్మం అవుతుంది.

తిరుగు ప్రయాణం

ఆతిథ్యం మూడు రోజులని, ఆపైన అతిథి ఇంటివారిని ఇబ్బందిలో పడవేసేంతగా ఉండరాదని హదీసు చెబుతున్నది. నాలుగవ నాడు ఉదయమే బయలుదేరాను. శిష్యుడు, హాఫిజ్ అయిన అతని కుమారుడు సఖినేటిపల్లి రేవు దాకా వచ్చారు. అక్కడ వశిష్ఠ పాయను పంటు మీద దాటితే నరసాపురం. పంటు కదిలిన తరువాత కూడా తండ్రీ కొడుకులు గట్టు మీద నిలబడే ఉన్నారు. అతిథిని వాకిలి దాకా సాగనంపడం మన సంప్రదాయం. వారు నది దాకా సాగనంపారు.

ఇప్పుడు మా తరగతిలో హాజరు పిలిచేటప్పుడు ఏ పిల్లవాడు ఏ యాసలో బదులిచ్చినా నేను వింటాను. ఈ ఏడాది శ్రీకాకుళం వైపు నుండి ఒక పిల్లవాడు చేరాడు. మొదటి రోజు అతని పలుకు విని వెనుక వరుసలో ఎవరో నవ్వారు. పుస్తకం మూసి, ఈ కథ మొత్తం వారికి చెప్పాను, నా తప్పుతో సహా.

పాఠకులకు నా విన్నపం ఒకటే. మీ ఇంటికి వచ్చే పాలవాడిని, పనిమనిషిని, ఆటో నడిపే తమ్ముడిని మీ పిల్లలు ఏమని పిలుస్తున్నారో ఈ వారం ఒకసారి గమనించండి. మీరు మీ పిల్లలను ఏ పేర్లతో పిలుస్తున్నారో కూడా గమనించండి. అల్లాహ్ మన నాలుకలను మెత్తన చేయుగాక. మనం నొప్పించినవారు మనలను క్షమించే భాగ్యాన్ని, వారిని క్షమాపణ అడిగే ధైర్యాన్ని మన మరణానికి ముందే మనకు ప్రసాదించుగాక. ఆమీన్.